వార్తల్లో పదం: వరద మైదానం

ఏరు పొంగినప్పుడు మునిగి, వరద తీశాక తేలే ఒడ్డు వెంబడి పల్లపు నేలే వరద మైదానం. అక్కడ నీరు వెడల్పుగా పరుచుకుని జోరు తగ్గుతుంది. ఒండ్రు దిగుతుంది, తడి నేలలోకి ఇంకి బావులకు చేరుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే రాయలసీమ ఏర్లకు ఈ నేల ఎంతో విలువైనది. ఏరు ఎండిందని దాన్ని ఖాళీ స్థలంగా లెక్కకట్టడమే పెద్ద పొరపాటు.

2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలోని చెయ్యేరు ఉగ్రరూపం చూపింది. ఎగువన పింఛ జలాశయం కట్ట తెగింది. ఆ నీరూ తోడై దిగువన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేటల్లో ప్రాణాలు పోయాయి, ఇళ్లు కూలాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. కట్ట తెగి వచ్చే ఉప్పెనను ఏ మైదానమూ పూర్తిగా ఆపలేదు, నిజమే. కానీ ఏటి ఒడ్డున ఇళ్లు ఎంత తక్కువుంటే నష్టం అంత తగ్గుతుంది.

నెదర్లాండ్స్‌లో 1995 వరదలప్పుడు సుమారు 2.5 లక్షల మందిని ఖాళీ చేయించారు. తర్వాత 30కి పైగా చోట్ల కరకట్టలను వెనక్కి జరపడం, పక్క కాలువలు తవ్వడం వంటి పనులతో నదులకు చోటిచ్చారు.

మన సీమలో అలా నీటికి చోటిచ్చి, వాన నీటిని పట్టి నిలిపే పని చెరువులది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలనూ, ఉండకూడని దోషాలనూ అది వివరంగా చెబుతుంది. అలాంటి చెరువుల్లోకి నీరు తెచ్చే వంకలను పూడ్చకుండా కాపాడటం, వాటి హద్దులను రికార్డుల్లో గుర్తించి ఆక్రమణలు తొలగించడం కొత్త కట్టలంత అవసరం.