పోర్టు తెరవండి.. పరికరంతో మాట్లాడండి!

‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’.. ఇంటర్వ్యూలో ఈ మాట వినగానే చాలామందికి గొంతు తడారిపోతుంది. కారణం అందరికీ తెలిసిందే. ప్రాజెక్టు సెంటర్లో రెడీమేడ్‌గా తెచ్చుకున్నది మొదటి ప్రశ్న వరకే కాపాడుతుంది. ‘ఈ డేటా ఎక్కణ్నుంచి వస్తోంది? మధ్యలో వైరు ఊడిపోతే మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది?’ అని రెండో ప్రశ్న వచ్చిందంటే అంతే సంగతులు!

జూనియర్లు పంపే రెజ్యూమెలు చూస్తుంటాను. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, స్మార్ట్ డస్ట్‌బిన్.. పది రెజ్యూమెల్లో ఏడెనిమిదింట్లో ఇవే. వీటి మధ్య ఓ చిన్న ప్రాజెక్టు భిన్నంగా కనిపిస్తుంది. పేరు వింటే పాతకాలందిలా ఉంటుంది గానీ, ఎంబెడెడ్, టెస్టింగ్ ఉద్యోగాల్లో రోజూ చేసే పని అదే. కంప్యూటర్ సీరియల్ పోర్టు ద్వారా రేడియో స్కానర్‌ని నడపడం! పెద్ద ఖర్చు లేదు. ఇంకా చెప్పాలంటే, స్కానర్ కూడా అక్కర్లేదు. ఎలాగో చూద్దాం.

అసలు స్కానర్ అంటే?

మన ఇంట్లో ఎఫ్ఎం రేడియో ఒక స్టేషన్ దగ్గర ఆగి పాడుతుంది. స్కానర్ అలా ఆగదు. మనం ఇచ్చిన ఫ్రీక్వెన్సీలను వరసగా తడుముతూ పోతుంది. ఎక్కడైనా మాట వినిపిస్తే ఆగుతుంది, అయిపోగానే మళ్లీ బయల్దేరుతుంది. అమెరికాలో దీన్ని హాబీగా పెట్టుకున్నవాళ్లు చాలామంది. వాతావరణ హెచ్చరికలు, రైల్వే, విమానాల సంభాషణలు వింటుంటారు. జపాన్ కంపెనీలైన యూనిడెన్, ఏఓఆర్, ఐకామ్ ఈ పరికరాల్లో పేరున్నవి.

ఉదాహరణకు యూనిడెన్ పాత మోడల్ ‘బీసీ780ఎక్స్‌ఎల్‌టీ’ తీసుకుందాం. 500 ఛానళ్లు దాచుకోగలదు. కానీ ముందున్న బటన్లతో 500 ఫ్రీక్వెన్సీలు ఒక్కొక్కటిగా నొక్కాలంటే వేళ్లు నొప్పి పుట్టాల్సిందే. అందుకే ఇలాంటి వాటికి 9 పిన్నుల సీరియల్ పోర్టు పెట్టారు. కంప్యూటర్ నుంచి ఒక కమాండ్ పంపితే చాలు, స్కానర్ ఆ పని చేసి జవాబిస్తుంది.

తీగలో ఏం జరుగుతోంది?

సీరియల్ పోర్టుకు ఆధారమైన ఆర్ఎస్-232 ప్రమాణం 1960ల నాటిది. ముఖ్యమైన తీగలు మూడే: పంపేది, అందుకునేది, గ్రౌండ్. ఇటువైపు పంపే తీగ అటువైపు అందుకునే పిన్నుకు చేరాలి. కొత్తవాళ్లకు ‘ఏమీ రావట్లేదు’ అనే సమస్య ఎదురైతే ముందుగా చూడాల్సింది ఇదే.

ఇందులో క్లాక్ తీగ ఉండదు. మరి ఏ బిట్ ఎప్పుడు మొదలైందో ఎలా తెలుస్తుంది? ప్రతి అక్షరానికి ముందు ఒక స్టార్ట్ బిట్, ఆ తర్వాత 8 డేటా బిట్లు, చివర ఒక స్టాప్ బిట్ వెళ్తాయి. మొత్తం 10. రెండు వైపులా వేగం ముందే ఒకటిగా పెట్టుకోవాలి. దాన్నే బాడ్ రేటు అంటాం. 9600 బాడ్ అంటే సెకనుకు 9600 బిట్లు, అంటే 960 అక్షరాలు. రెండువైపులా వేగం కలవకపోతే తెరమీద పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త. ఆర్ఎస్-232లో ‘1’ అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, ‘0’ అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. ఆర్డునో లాంటి బోర్డుల మీద ఉండేది 5 లేదా 3.3 వోల్టుల లాజిక్. ఈ రెంటినీ నేరుగా కలిపితే బోర్డు కాలిపోవచ్చు. మధ్యలో మ్యాక్స్232 లాంటి చిప్ ఉండాల్సిందే. ఈ తేడా చెప్పగలిగితే ల్యాబ్‌లో నిజంగా చేయి పెట్టారని ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు 9 పిన్నుల పోర్టు ఉండదు కదా అంటారా? యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. పెట్టగానే విండోస్‌లో ‘కామ్ 3’ లాంటి పేరుతో కనిపిస్తుంది.

ఇవీ ఆ కమాండ్లు

బీసీ780 అర్థం చేసుకునేవి మామూలు ఇంగ్లిష్ అక్షరాలే. కమాండ్ చివర క్యారేజ్ రిటర్న్ అనే ఒక్క గుర్తు ఉండాలి. మూడు కమాండ్లతో పని మొదలుపెట్టొచ్చు.

• ‘ఎస్ఐ’: ఎవరు నువ్వు అని అడగడం. మోడల్ పేరుతో జవాబొస్తుంది.
• ‘ఆర్ఎఫ్’: ఫలానా ఫ్రీక్వెన్సీకి వెళ్లు అని చెప్పడం. పక్కన సరిగ్గా 8 అంకెలు ఉండాలి.
• ‘ఎస్‌జీ’: సిగ్నల్ ఎంత బలంగా ఉందని అడగడం.

అమెరికా ప్రభుత్వ వాతావరణ రేడియో వాడే ఫ్రీక్వెన్సీల్లో 162.55 మెగాహెర్ట్జ్ ఒకటి. స్కానర్ లెక్క 100 హెర్ట్జ్‌ల చొప్పున నడుస్తుంది. కాబట్టి 16,25,50,000 హెర్ట్జ్‌ను 100తో భాగించాలి. 1625500 వస్తుంది. ఇవి ఏడంకెలే! ముందు సున్నా చేర్చి ‘ఆర్ఎఫ్01625500’ అని పంపాలి. ప్రోగ్రామ్‌లో సంఖ్యను సంఖ్యగానే పంపితే ఆ సున్నా ఎగిరిపోతుంది, స్కానర్ ఒప్పుకోదు. దశాంశాలతో గుణించి పూర్ణాంకంగా మార్చినా చివరి అంకె ఒకటి తగ్గే ప్రమాదం ఉంది. మొదట్నుంచీ హెర్ట్జ్‌లలోనే లెక్కేసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇప్పుడో చిన్న లెక్క. ఈ కమాండ్‌లో 10 అక్షరాలు, ఒక క్యారేజ్ రిటర్న్, మొత్తం 11. ఒక్కోదానికి 10 బిట్ల చొప్పున 110 బిట్లు. 9600 బాడ్‌లో సుమారు 11.5 మిల్లీసెకన్లు పడుతుంది. ‘ఓకే’ అనే జవాబు వెనక్కి రావడానికి మరో 3 మిల్లీసెకన్లు. అంటే స్కానర్ తనవంతు సమయం ఏమీ తీసుకోకపోయినా సెకనుకు 70 కమాండ్లు కూడా దాటవు. ‘మీ ప్రోగ్రామ్ ఎంత వేగంగా స్కాన్ చేయగలదు?’ అని అడిగితే ‘చాలా ఫాస్ట్ సార్’ అనే బదులు ఈ లెక్క చెప్పి చూడండి!

పది లైన్లు సులువే.. ఆ తర్వాతే అసలు పని

పైథాన్‌లో ‘పైసీరియల్’ లైబ్రరీ పెట్టుకుంటే పోర్టు తెరవడం, కమాండ్ పంపడం, జవాబు చదవడం పది లైన్లలో అయిపోతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కంపెనీలు చూసేది మాత్రం ఆ తర్వాతి భాగాన్నే.

జవాబు రాకపోతే? ప్రోగ్రామ్ ఎదురుచూస్తూ అక్కడే కూర్చోకూడదు. టైమౌట్ పెట్టాలి. రెండుమూడుసార్లు మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ రాకపోతే ఆ విషయం స్పష్టంగా చెప్పాలి.

సగం జవాబే వస్తే? సీరియల్‌లో అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తాయి. ఒకసారి చదవగానే మొత్తం దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. క్యారేజ్ రిటర్న్ కనిపించేదాకా పోగుచేసుకుని, ఆ తర్వాతే విడగొట్టాలి.

స్కానర్ ‘కుదరదు’ అంటే? యూనిడెన్ ప్రొటోకాల్‌లో తప్పులకు వేర్వేరు జవాబులున్నాయి. ‘ఈఆర్ఆర్’ అంటే కమాండ్ రాసిన తీరు తప్పు. ‘ఎన్‌జీ’ అంటే కమాండ్ సరైందే, ఇప్పుడు చేయలేను అని. ‘ఎఫ్ఈఆర్’ అంటే బిట్ల చట్రం కుదరలేదని, ‘ఓఆర్ఈఆర్’ అంటే డేటా పొంగిపోయిందని అర్థం. ఈ నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు. ‘ఎన్‌జీ’ వస్తే కాసేపాగి మళ్లీ అడగొచ్చు. ‘ఈఆర్ఆర్’ వస్తే వందసార్లు అడిగినా అదే జవాబు. సరిచేసుకోవాల్సింది మన కోడ్‌నే. ‘ఎఫ్ఈఆర్’ పదేపదే వస్తుంటే బాడ్ రేటు, కేబుల్ చూడాలి.

ఇక చివరగా లాగ్. ఏ సమయానికి ఏం పంపాం, ఏం వచ్చింది అని ప్రతి లైనూ ఫైల్‌లో రాసుకోవాలి. రాత్రంతా నడిచిన ప్రోగ్రామ్ తెల్లారేసరికి ఎందుకు ఆగిందో చెప్పేది ఆ ఫైలే.

స్కానర్ లేదుగా.. ఏం చేయాలి?

ఏం ఫర్వాలేదు. మూడు మెట్లున్నాయి.

1. కన్వర్టర్‌లో పంపే పిన్ను, అందుకునే పిన్ను ఒక చిన్న వైరుతో కలపండి. మీరు పంపిందే మీకు తిరిగొస్తుంది. దీన్ని లూప్‌బ్యాక్ టెస్ట్ అంటారు. సమస్య కేబుల్‌దా, కోడ్‌దా అన్నది నిమిషంలో తేలిపోతుంది.

2. నకిలీ స్కానర్ మీరే రాయండి. లినక్స్‌లో ‘సోక్యాట్’, విండోస్‌లో ‘కామ్ జీరో కామ్’ రెండు ఉత్తుత్తి పోర్టులను కలిపి ఇస్తాయి. ఒకదాని దగ్గర స్కానర్‌లా జవాబిచ్చే ప్రోగ్రామ్, రెండోదాని దగ్గర దాన్ని నడిపే ప్రోగ్రామ్. నకిలీ స్కానర్‌తో కావాలనే ఆలస్యంగా, సగం సగం, తప్పుగా జవాబులు ఇప్పించండి. మీ కోడ్ తట్టుకుంటుందా చూడండి. పరిశ్రమలో దీన్నే సిమ్యులేటర్‌తో టెస్టింగ్ అంటారు. రూపాయి ఖర్చు లేదు.

3. ‘హ్యామ్‌లిబ్’ చదవండి. వందల మోడళ్ల రేడియోలను నడిపే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఇది. బీసీ780 కూడా ఆ జాబితాలో ఉంది. దీంతోపాటు వచ్చే ‘రిగ్‌సీటీఎల్’లో మోడల్ నంబరు 1 అని ఇస్తే పరికరం లేకుండానే నడిచే డమ్మీ రేడియో దొరుకుతుంది. సీ భాష వచ్చినవాళ్లు యూనిడెన్ భాగం కోడ్ తెరిచి, పైన చెప్పిన 8 అంకెల లెక్క అక్కడ ఎలా రాశారో పోల్చుకోవచ్చు.

చట్టం సంగతి మరవొద్దు

స్కానర్ కొనేద్దాం అని వెంటనే ఆర్డర్ పెట్టకండి. మన దేశంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం రేడియో పరికరం దగ్గర ఉంచుకోవాలంటే అనుమతి ఉండాలి, లేదా ఆ పరికరానికి మినహాయింపైనా ఉండాలి. పోలీసుల, ఇతరుల సంభాషణలు వినే ప్రయత్నం అసలే వద్దు. ప్రాజెక్టు కోసం మొదలుపెట్టి కేసులో ఇరుక్కుంటే ఉద్యోగానికే ఎసరు. అమెరికాలో చదువుతున్న మనవాళ్లూ చూసుకోవాలి. అక్కడ కూడా సెల్‌ఫోన్ కాల్స్ వినడం నేరం. కొన్ని రాష్ట్రాల్లో వాహనంలో స్కానర్ పెట్టుకోవడంపైనా ఆంక్షలున్నాయి.

రేడియో మీద నిజంగా మక్కువ ఉంటే హ్యామ్ లైసెన్సు రాచబాట. పన్నెండేళ్లు నిండినవారు ఎవరైనా పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్‌లోనే ‘నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో’ ఉంది. లైసెన్సు చేతికొచ్చాక ఇదే పద్ధతిలో హ్యామ్ రేడియోని నడపొచ్చు.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

వే బ్రిడ్జి దగ్గర లారీ ఎక్కగానే ఆఫీసులోని కంప్యూటర్‌లో బరువు కనిపిస్తుంది కదా, చాలాచోట్ల ఆ మధ్యలో ఉన్నది సీరియల్ తీగే. జీపీఎస్ మాడ్యూల్ తానెక్కడుందో సీరియల్ లైన్ల రూపంలోనే చెబుతుంది. ఫ్యాక్టరీల్లో కరెంటు మీటర్లను చదివే మోడ్‌బస్ కూడా ఎక్కువగా ఆర్ఎస్-485 సీరియల్ లైను మీదే నడుస్తుంది. నెట్‌వర్కింగ్ వాళ్లు కొత్త రౌటర్ కన్సోల్‌కి మొదటిసారి కనెక్టయ్యేది చాలాసార్లు 9600 బాడ్‌తోనే. టెస్ట్ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్‌ని ‘నువ్వెవరు’ అని అడిగే ప్రామాణిక కమాండ్ ఒకటుంది. అది మన స్కానర్ ‘ఎస్ఐ’కి అన్నలాంటిదే!

అంటే పరికరం మారుతుంది, కమాండ్ల జాబితా మారుతుంది. అడగడం, ఆగడం, చదవడం, తప్పు పట్టుకోవడం మాత్రం మారవు. ఎంబెడెడ్, వ్యాలిడేషన్, ప్రొడక్షన్ టెస్ట్, ఐఓటీ.. ఎక్కడికెళ్లినా ఈ నాలుగూ కావాలి. ఈసీఈ, ఈఈఈ వాళ్లకే కాదు, సీఎస్ఈ వాళ్లకూ హార్డ్‌వేర్ భయం పోగొట్టే దగ్గరి దారి ఇది.

రెజ్యూమెలో ఇలా

‘సీరియల్ కమ్యూనికేషన్ తెలుసు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏం చేశారో రాయండి. ‘యూనిడెన్ స్కానర్ ప్రొటోకాల్‌కు పైథాన్ కంట్రోలర్, దానికి సిమ్యులేటర్ రాశాను. టైమౌట్, సగం జవాబులు, నాలుగు రకాల ఎర్రర్లను విడివిడిగా పరీక్షించాను’ అనండి. పరీక్షించింది సిమ్యులేటర్‌తోనే అయితే ఆ మాటే చెప్పండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

వెళ్లేముందు ఈ ఐదింటికి జవాబు మీ మాటల్లో సిద్ధం చేసుకోండి.

• క్లాక్ తీగ లేకుండా బిట్లను ఎలా గుర్తిస్తారు?
• 9600 బాడ్‌లో సెకనుకు ఎన్ని అక్షరాలు? ఎందుకు?
• ఆర్ఎస్-232 తీగను ఆర్డునోకు నేరుగా ఎందుకు కలపకూడదు?
• జవాబు పూర్తయిందని ప్రోగ్రామ్‌కి ఎలా తెలుస్తుంది?
• నడుస్తుండగా కేబుల్ పీకేస్తే ఏమవుతుంది?

చివరి ప్రశ్నకు నోటితో జవాబు వెతకొద్దు. ప్రోగ్రామ్ నడుస్తుండగా నిజంగానే కేబుల్ పీకి, తెరమీద ఏమొచ్చిందో రాసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది అదే.