డేగ లెక్క తప్పదు, మన లెక్కే తప్పుతోంది

ముంగారు శెనక్కాయ పైరు నెల రోజులది అయ్యాక ఒక పొద్దు గెనిమ మీద ఊరికే కూర్చుని ఆకాశం చూడండి. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, కాళ్లు జార్చి, దబుక్కున చేలోకి దిగే బూడిద రంగు చిన్న గద్ద కనబడుతుంది. కొన్ని ఊళ్లలో దాన్ని అడవి రామదాసు అంటారు. దాని చూపంతా చేలో తిరిగే చిట్టెలుక మీదే. కాయ పీకే కాలానికి పిల్లి గద్దలు వస్తాయి. పైరు మీదుగా తక్కువ ఎత్తులో తేలిపోతూ మిడతల్ని పట్టుకుంటాయి. ఇవి ఎక్కడో మధ్య ఆసియా గడ్డి నేలల్లో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి మన మెట్ట పొలాలకు దిగే చుట్టాలు.

ఈ పక్షులు వేటాడే తీరును కంప్యూటర్లో వేసి, దాని మీద డాక్టరేటు పరిశోధన చేసినవాళ్లు ఉన్నారు. ఈ మాట చెబితే కళ్యాణదుర్గం వైపు ఒక పెద్దాయన నవ్వినాడు. "డేగ ఎట్ల పట్టుకుంటాదో కంప్యూటర్ చెప్పాల్నా అప్పా? దాంతో నా చేనుకేమొస్తాది?" అని అడిగినాడు. మంచి ప్రశ్నే. జవాబు కూడా ఉంది, చదవండి.

బస్సుకు అడ్డం పోయినట్టు

డేగ వేట మనకు కొత్త కాదు. సాళువ అంటే వేట డేగ. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయల ఇంటి పేరు అదే. అయితే డేగ ఏ లెక్కన దారి తిప్పుకుంటుందో తూకం వేసి చూసింది మాత్రం ఈ మధ్యనే.

ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు బైరి డేగల వీపు మీద చిన్న కెమెరాలు, దారి గుర్తించే పరికరాలు కట్టి వేటకు వదిలారు. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. డేగ వేట వెనకాలే పరుగెత్తదు. అడ్డం పోతుంది. ఇది అర్థం కావాలంటే ఒక పని చేయండి. మీరు చేలో నుంచి రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నారు, దూరంగా బస్సు వస్తోంది. ఎంత నడిచినా బస్సు మీకు అదే దిక్కున కనబడుతుంటే, రోడ్డు దగ్గర ఇద్దరూ కలుస్తారు. బస్సు ముందుకు జరిగినట్టు కనబడితే మీరు వెనకబడ్డట్టు. డేగ కూడా ఇదే చూస్తుంది. వేట వైపు దాని చూపు గీత ఎంత వేగంగా తిరిగితే, అంతకు రెండున్నర మూడు రెట్లు వేగంగా తన దారిని తిప్పుకుంటుంది. విమానాన్ని వెంటాడే క్షిపణికి ఇంజనీర్లు నేర్పింది కూడా ఈ సూత్రమే.

కంప్యూటర్లో డేగ

తర్వాత నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ మిల్స్, ఆక్స్‌ఫర్డ్ వారితో కలిసి కంప్యూటర్లో ఒక డేగను తయారుచేశాడు. దాని బరువు, రెక్క వైశాల్యం, గాలి తోపు, కన్ను చూసినదానికి ఒళ్లు కదలడానికి మధ్య పట్టే ఆలస్యం అన్నీ లెక్కల్లో పెట్టాడు. ఎదురుగా మన గోరింక జాతికి చుట్టమైన ఒక పిట్టను పెట్టి, మళ్లీ మళ్లీ వేటాడించాడు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి.

తిన్నగా ఎగిరే పిట్టను పట్టడానికి డేగ అంత ఎత్తు నుంచి దూకనక్కర్లేదు. వంకర్లు తిరిగి తప్పించుకునే పిట్టనైతే చాలా ఎత్తు నుంచి, గంటకు 300 కిలోమీటర్లు దాటే వేగంతో దూకినప్పుడే ఎక్కువగా దొరుకుతుంది. అంత వేగంలో రెక్కకు గాలి పట్టు పెరిగి, డేగ కూడా గట్టిగా మలుపు తిరగగలుగుతుంది. కానీ ఒక మెలిక ఉంది. అంత వేగంలో చూపు రవ్వంత మందగించినా, లెక్క కొద్దిగా తప్పినా వేట చేజారుతుంది.

ఇక్కడే మన చేనుకు సంబంధం ఉంది. మనం కొట్టే మందుల్లో చాలావాటి పని నరాల మీద దెబ్బకొట్టడమే. పురుగు నరాలకూ, పక్షి నరాలకూ ఆ మందుకు తేడా తెలియదు. మందు తిన్న పురుగును పిట్ట తింటుంది, ఆ పిట్టను డేగ తింటుంది. చావకపోయినా రెప్పపాటు మందగిస్తే చాలు. వేట తప్పిన డేగకు ఆ పూట పస్తే. ఆ పూట తప్పిన ఎలుక మన కాయల మీద పడుతుంది.

అర్జెంటీనా నేర్పిన పాఠం

ఇది ఊహ మాత్రమే అనుకోవద్దు. ఉత్తర అమెరికాలో గూడు పెట్టి, చలికాలం అర్జెంటీనా పొలాలకు వచ్చి మిడతలు తినే స్వైన్సన్ గద్దలున్నాయి, అచ్చం మన పిల్లి గద్దల మాదిరే. 1995-96లో అక్కడి రైతులు మిడతలకు మోనోక్రోటోఫాస్ కొట్టారు. సుమారు 5 వేల గద్దలు చచ్చిపడినట్టు లెక్క తేలింది. అసలు సంఖ్య దానికి ఎన్నో రెట్లు ఉంటుందని అంచనా వేశారు. మిడతను తినిపెట్టే కూలీని మిడత మందుతోనే చంపుకున్నారు. ఆ తర్వాత అర్జెంటీనా ఆ మందును నిషేధించింది. మన దేశంలో దాన్ని 2005లో కూరగాయలకు వాడరాదన్నారు. 2023లో 36 శాతం మందును ఆపేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఇంట్లో పాత డబ్బా ఉంటే, ఉంది కదా అని కొట్టకండి.

మీరు చేయగలిగినవి

వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఎకరాకు 8 నుంచి 10 పక్షి స్థావరాలు నాటండి. శెనక్కాయ పైరు పొట్టిది కాబట్టి నాలుగైదు అడుగుల కట్టెకు పైన అడ్డకర్ర కడితే చాలు. పగలు పాలపిట్ట, పసులపోలిగాడు, రాత్రి గుడ్లగూబ వాలుతాయి. ఎత్తు నుంచి చూపు సాగితేనే వేట అని డేగ చెప్పిన మాటే ఇక్కడా. పొగాకు లద్దె పురుగు చిన్నగా ఉన్నప్పుడే నాటాలి. చేనంతా జల్లెడయ్యాక నాటితే పిట్టలేం చేస్తాయి?

జొన్న, పొద్దుతిరుగుడు గింజ పట్టే సమయానికి స్థావరాలు తీసేయండి. లేకపోతే గింజ తినే పిట్టలకు మనమే పీట వేసినట్టు.

ఎర్ర గొంగళి పురుగు బాగా బొచ్చు పెరిగితే చాలా పిట్టలు ముట్టవు. దానికి మొదటి వాన పడిన రాత్రుల్లో ఊరంతా కలిసి దీపపు ఎరలు, మంటలు పెట్టి రెక్కల పురుగులను చంపడమే దారి.

ఎలుకలకు మందు పెడితే, తెల్లవారగానే చచ్చినవాటిని ఏరి పూడ్చేయండి. గుడ్లగూబ, గద్ద వాటిని తినకూడదు.

పిల్లి గద్దలు రాత్రి గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. చలికాలంలో కొండవాలు గడ్డికి, బీళ్లకు నిప్పు పెట్టకండి. గుడ్లగూబ అరిస్తే చావు అని రాళ్లు రువ్వే పిల్లలకు, అది ఎలుకల పాలిటి చావని చెప్పండి.

మందు అసలే వద్దని ఎవరూ అనడం లేదు. పురుగు లెక్క చూసి, నష్టం హద్దు దాటినప్పుడే, చెప్పిన మోతాదులోనే కొట్టండి. వాన ఎప్పుడు పడుతుందో తెలియని ఈ అనంత నేల మీద, అనంతపురం జిల్లా అయినా 2022లో విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లా అయినా, రైతు చేతిలో మిగిలేది పెట్టని ఖర్చే.

ఆ పెద్దాయనకు ఇదంతా చెప్పినాక కాసేపు ఊరకున్నాడు. "అయితే ఆ కట్టెలు నాటాల్సిందే" అని కొడవలి తీసుకుని కంప వైపు నడిచినాడు. మీ చేలో కూడా నాలుగు కట్టెలకు చోటుంటుంది, చూడండి.