మోకాలి గుజ్జు, మూలకణాలు

తొడ ఎముక చివరను, కాలి ఎముక పైభాగాన్ని, మోకాలి చిప్ప లోపలి వైపును నునుపైన తెల్లటి పొర కప్పి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు మృదులాస్థి. ఖమ్మం జిల్లా కల్లూరులోనైనా, అటు భద్రాచలం అడవి అంచు పల్లెల్లోనైనా జనం నోట అది గుజ్జు. ‘గుజ్జు అరిగింది’ అంటే చాలు, జబ్బేమిటో ఇంటిల్లిపాదికీ అర్థమవుతుంది. మాట చక్కనిదే కానీ కాస్త దారి తప్పిస్తుంది. గుజ్జంటే తగ్గితే మళ్లీ నింపుకోవచ్చుననే ఊహ కలుగుతుంది. నిజానికది 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందంలో, గట్టిగా ఉంటూనే కొద్దిగా అణిగే పొర. కీలులో జిగటగా ఉండే ద్రవం వేరు.

ఈ పొరలో మూడింట రెండు వంతులకు పైగా నీరే. రెండో రకం కొల్లాజెన్ పోగులు వలలా అల్లుకుని ఉంటే, వాటి మధ్య అగ్రికాన్ అనే పెద్ద అణువులు ఆ నీటిని పట్టి ఉంచుతాయి. కాలు మోపితే కొంత నీరు బయటికి వస్తుంది, బరువు తీస్తే తిరిగి లోపలికి పోతుంది. ఈ కట్టడాన్ని చూసుకునే కాండ్రోసైట్ కణాలు పొర మొత్తంలో 5 శాతానికి మించవు. రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరాలు లేవు కాబట్టి అరుగుదల మొదలైన సంగతి ఏళ్ల తరబడి తెలియదు. రక్తం అందదు కాబట్టి వేలు తెగితే జరిగే మరమ్మతు ఇక్కడ జరగదు. ఒకసారి చెడిన మృదులాస్థి కోలుకోదని విలియం హంటర్ లండన్‌లో 1743లోనే రాశాడు.

ఆస్టియో ఆర్థరైటిస్‌ను ఒట్టి అరుగుదలగా చూడటం పాత పద్ధతి. కీలు లోపలి పొరలో వాపు, కింది ఎముకలో మార్పులు, అంచుల్లో కొత్త ఎముక మొలకలు, అన్నీ కలిసిన జబ్బు ఇది. వయసు, బరువు, పాత గాయాలు, వంశం దీనికి దారితీస్తాయి. దేశంలోని వేర్వేరు ప్రాంతాల్లో సర్వే చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం, పరీక్షించినవారిలో 28.7 శాతం మందికి మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ ఉందని లెక్కతేల్చింది. ఆడవారిలో ఇది ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు రోజూ గంటల కొద్దీ గొంతుక్కూర్చున్నవారికి ముసలితనంలో ఈ ముప్పు పెరుగుతుందని బీజింగ్‌లో జరిగిన పరిశోధన చెప్పింది. మన దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాట్లు, పత్తి తీత, మిరప కోత, వేసవిలో తునికాకు సేకరణ, ఇవన్నీ నడుము మీదా మోకాళ్ల మీదా పడే పనులే.

అరిగినచోట కొత్త పొర పుట్టించే ప్రయత్నాలు ఎముకకు చిల్లులు వేయడంతో మొదలయ్యాయి. బ్రిటన్‌లో ప్రైడీ 1959లో ఆ పద్ధతిని వివరించాడు. తర్వాత అమెరికాలో స్టెడ్‌మన్ దాన్ని మైక్రోఫ్రాక్చర్‌గా మెరుగుపరిచాడు. చిల్లుల్లోంచి మూలుగ పైకి వచ్చి గడ్డకట్టి పొరగా మారుతుంది. కానీ అది చాలావరకు మచ్చలాంటి కణజాలం, అసలు పొరంత మన్నిక దానికి లేదు. 1994లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు బ్రిట్‌బర్గ్, పీటర్సన్ బృందం రోగి సొంత కాండ్రోసైట్లను తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి మోకాలిలో అమర్చిన ఫలితాలను ప్రకటించింది. అలా చికిత్స పొందినవారు 23 మంది. గాయంతో ఒకచోట గుంటపడిన పడుచువారి మోకాలికి ఇది పనికొచ్చింది. పొరంతా పలచబడిన పెద్దవారి మోకాలి సంగతి వేరు: గోడకు పడిన ఒక్క కన్నం పూడ్చడానికీ, గోడంతా పెచ్చులూడితే బాగుచేయడానికీ ఉన్నంత తేడా.

మూలకణాల మీద ఆశ ఇక్కడే పుట్టింది. మూలుగలో ఎముకను పుట్టించగల కణాలున్నాయని రష్యన్ శాస్త్రవేత్త ఫ్రీడెన్‌స్టైన్ 1960, 70 దశకాల్లో చూపాడు. వాటికి మీసెంకైమల్ మూలకణాలన్న పేరును అమెరికాలో ఆర్నాల్డ్ కాప్లన్ 1991లో ప్రచారంలోకి తెచ్చాడు. తగిన పోషకాలు అందిస్తే ప్రయోగశాలలో ఇవి మృదులాస్థిలాంటి పదార్థాన్ని తయారుచేస్తాయని 1998 నాటికి తేలింది. చిక్కల్లా అవి అక్కడ ఆగకపోవడమే. పిల్లల్లో ఎముక పెరిగేటప్పుడు ముందు మృదులాస్థి పుట్టి, తర్వాత అది ఎముకగా మారుతుంది. మూలుగ కణాలూ ఆ దారే పడతాయి. కణాలు ఉబ్బుతాయి, పదో రకం కొల్లాజెన్ కనిపిస్తుంది, సున్నం పేరుకుంటుంది. మోకాలికి కావాల్సింది ఎన్నటికీ ఎముకగా మారని పొర.

ఒక ఆశ్చర్యం జంతువుల దగ్గర ఎదురైంది. 2003లో మేకల మోకాళ్లలోకి మూలకణాలు ఎక్కిస్తే కీళ్ల పరిస్థితి మెరుగైంది. అయితే ఎక్కించిన కణాలు అరిగిన పొరలో చేరి పొరగా మారలేదు. వాపును అణచే సంకేతాలు వదిలి, అక్కడి కణాల తీరు మార్చడమే వాటి పని అని క్రమంగా తేలింది. చివరికి కాప్లనే వాటిని ‘మూలకణాలు’ అనడం మానేయమన్నాడు. గోడ కట్టే మేస్త్రీ అనుకుని పిలిస్తే, తగవు తీర్చే పెద్దమనిషి వచ్చినట్టయింది. పెద్దమనిషి వల్ల ఇంటికి మేలే, గోడ మాత్రం లేవదు.

మనుషుల మీద వచ్చిన ఫలితాలు ఈ మాటకు తగ్గట్టే ఉన్నాయి. బెంగళూరులోని స్టెంప్యూటిక్స్ సంస్థ దాతల మూలుగ నుంచి పెంచిన కణాలతో తయారుచేసిన మందుకు మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ కోసం భారత ఔషధ నియంత్రణ సంస్థ 2022లో అనుమతి ఇచ్చింది. మూడో దశ పరీక్షలో 146 మంది పాల్గొన్నారు. మోతాదు 2.5 కోట్ల కణాలు. ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారి కంటే నొప్పి, బిగువు తగ్గాయి. పొర మరింత చెడకుండా నిలిచిన సూచనలూ కనిపించాయి. ఇక అమెరికాలో 475 మంది మీద జరిపి 2023లో వెల్లడించిన పరీక్షలో గాఢపరిచిన మూలుగ, కొవ్వు నుంచి తీసిన కణాలు, బొడ్డుతాడు కణాలు, ఈ మూడింటిలో ఏదీ ఏడాది తర్వాత మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మించలేదు. 25 పరీక్షలను కలిపి చూసిన 2025 నాటి కాక్రేన్ సమీక్ష ఊరట స్వల్పమేననీ, ఆ సాక్ష్యమూ బలంగా లేదనీ తేల్చింది.

దాంతో కొందరు పరిశోధకుల చూపు మోకాలి పొర లోపలికే మళ్లింది. పొర పైభాగంలో పూర్వగామి కణాలు కొన్ని ఉంటాయని కార్డిఫ్ శాస్త్రవేత్తలు 2004లో వివరించారు. మూలకణానికి ఎన్నో దారులుంటే పూర్వగామి కణం దాదాపు ఒక దారికి కట్టుబడినది. రాయలసీమ రోగులకు బాగా పరిచయమైన రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఎలిజబెత్ వినోద్ బృందం ఏళ్లుగా ఈ కణాల మీదే పనిచేస్తోంది. కీలు మార్పిడి శస్త్రచికిత్సలో తీసేసిన మృదులాస్థే వారికి ముడిసరుకు. ఫైబ్రోనెక్టిన్ పూసిన పళ్లెంలో కణాలను కాసేపు ఉంచితే పూర్వగామి కణాలు తొందరగా అతుక్కుంటాయి, అలా వాటిని వేరుచేస్తారు. మూలుగ కణాలతో పోలిస్తే వీటికి ఎముక దారి పట్టే గుణం తక్కువన్నదే వీటి మీదున్న ఆశ. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2020లో ఎలుకల్లో ఇంకో ఉపాయం చూపారు. చిల్లులు వేసి, బీఎంపీ-2 అనే ప్రోటీన్ ఇచ్చి, రక్తనాళాలు పెరగడానికి తోడ్పడే వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటే నిద్రాణంగా ఉన్న మూలకణాలు మృదులాస్థిని చేసి అక్కడే ఆగాయి.

మూలకణ చికిత్స తెలుగునేలకు కొత్త కాదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి కంటి అంచులోని మూలకణాలతో, రసాయనాలు పడి కాలిన కళ్లకు చూపు తెప్పిస్తున్నారు. కంటికి సాధ్యమైనది మోకాలికి ఎందుకు కాలేదు? కంటి పైపొర పలచన, దాని మీద బరువు పడదు, కొత్త కణాలతో ఎప్పటికప్పుడు మారడం దాని సహజగుణం. మోకాలి పొరకు లోతును బట్టి పోగుల అమరిక మారుతుంది, మెట్లెక్కితే శరీర బరువుకు మూడింతలకు పైగా దాని మీద పడుతుంది. పైగా కొత్త కణాలు చేరేది వాపుతో రగులుతున్న కీలులోకి.

ఊరూరా వినిపించే ‘మూలకణాల ఇంజెక్షన్’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. రోగి రక్తం నుంచి తీసే పీఆర్‌పీలో ఉండేవి ప్రధానంగా ప్లేట్‌లెట్లు, అది మూలకణ చికిత్స కాదు. మూలుగను తీసి వడకట్టి వెంటనే ఎక్కించినా, అందులోని లక్ష కణాల్లో ఈ రకం మూలకణాలు పదికి మించవు. అనుమతి లేని మూలకణ చికిత్స పరిశోధన కిందికే వస్తుందని, దానికి రోగి నుంచి డబ్బు వసూలు చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అనుమతి పొందిన స్టెంప్యూటిక్స్ మందును కూడా పరీక్షించింది ఎక్స్‌రేలో అరుగుదల తీవ్రత 2, 3 గ్రేడుల్లో ఉన్న మోకాళ్ల మీదే. ఎముకా ఎముకా రాసుకునే 4వ గ్రేడును అందులో చేర్చలేదు. అలాంటి మోకాలికి నడక కష్టమై, మందులకు లొంగనప్పుడు కీలు మార్పిడే ఇప్పటికీ నిలకడైన దారి. అంతకు ముందు దశల్లో తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, అవసరానికి నొప్పి మందులు. ఎప్పుడైనా కణాలు ఎక్కించుకున్నవారికి కూడా ఇవి తప్పవు.