పాత కారులో పొగ వాసనా? పారాహుషార్!

అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా పెళ్లిళ్లకు, ఆస్పత్రి ప్రయాణాలకు ఆ బండ్లు అక్కడక్కడా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. లోపలకు పొగ వాసన వస్తుంటే "పాత బండి కదా" అని ఊరుకోరాదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలై ప్రాణం మీదకు తెస్తుంది. వెనుక సీటులో పిల్లలు కునుకు తీస్తున్నారనుకుంటాం. అది విషవాయువు మగత కావచ్చు.

పొగ దారి కనిపెట్టడం కష్టం కాదు. ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, దళసరి తడిగుడ్డతో వెనుక గొట్టాన్ని క్షణంపాటు మూయాలి. ఎక్కడ బుస్సుమంటే అక్కడ చిల్లి ఉన్నట్టే. మానిఫోల్డు ప్యాకింగు, సైలెన్సరు అతుకుల దగ్గర మసి చారలున్నాయేమో చూడాలి.

గొట్టం బాగానే ఉంటే డిక్కీ చూడండి. పరుగెత్తే బండి వెనుక గాలి సుడి తిరిగి, పొగను బండివైపే లాగుతుంది. డిక్కీ రబ్బరు అరిగితే ఆ సందులోంచి లోపలకు చేరుతుంది. రబ్బరు మీద కాగితం ముక్క ఉంచి మూత వేసి లాగండి. సులువుగా ఊడివస్తే రబ్బరు మార్చవలసిందే. తుప్పుపట్టి నేలరేకుకు పడ్డ చిల్లులనూ పూడ్పించాలి.

మరమ్మతు అయ్యేవరకు ఆ బండిలో దూరప్రయాణాలు వద్దు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆడించరాదు. ఎవరికైనా తల తిరిగితే వెంటనే బండి ఆపి, అందరూ దిగి, ఆ మనిషిని గాలి తగిలేచోటికి చేర్చి, ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.