పాత పళ్లెం, కొత్త చేయి

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో 1954లో తయారీ మొదలైన గారార్డ్ 301 టర్న్‌టేబుల్ ఇవాళ్టికీ ఎన్నో ఇళ్లలో పాత మోటారుతోనే తిరుగుతోంది. ఎల్పీకి కావలసిన వేగం నిమిషానికి 33⅓ చుట్లు. మోటారేమో వెయ్యికి పైగా తిరుగుతుంది. మోటారు ఇరుసుకీ పళ్లెం అంచుకీ మధ్య ఒక రబ్బరు చక్రాన్ని ఒత్తిపెట్టి ఆ వేగాన్ని దించారు. దాని పట్టు గట్టిది. మృదంగం దెబ్బ పడ్డచోట గాడి ముల్లును ఎంత ఈడ్చినా పళ్లెం తడబడదు. లోపమూ అక్కడే ఉంది: మోటారు వణుకు ఆ చక్రం మీదుగానే ముల్లు దాకా వచ్చి పాట అడుగున గుర్రుమంటుంది. వాడకుండా వదిలేస్తే రబ్బరు ఒకచోట నొక్కుకుపోయి తిరిగినప్పుడల్లా టక్కుటక్కుమంటుంది.

1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ బెల్టు వేసి, పళ్లేన్నీ ముల్లును మోసే చేతినీ కలిపి స్ప్రింగుల మీద నిలబెట్టాడు. 1970లో జపాన్‌లో టెక్నిక్స్ ఎస్పీ-10 వచ్చేసరికి బెల్టూ పోయింది, మోటారు ఇరుసే పళ్లెం ఇరుసైంది. తిప్పే పని ఆ దశాబ్దంలోనే దాదాపు తీరిపోయిందని నా అభిప్రాయం. తేలనిది చేతి సంగతి.

రికార్డు చెక్కే యంత్రంలో ముల్లు అంచు నుంచి మధ్యకు తిన్నగా జరుగుతుంది. మన చేయి, అంటే టోన్‌ఆర్మ్, కీలు మీద వంపుగా తిరుగుతుంది. అందుకే ముల్లు గాడికి దాదాపు ఎప్పుడూ కాస్త ఏటవాలే. తలను కొంచెం వంచి, ముల్లు పళ్లెం నడిబొడ్డు దాటేంత పొడవు చేతికి ఇస్తే రెండుచోట్ల మాత్రం సరిగ్గా కూర్చుంటుందని ఎరిక్ లోఫ్‌గ్రెన్ 1938లో లెక్కకట్టాడు. ఆ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్లు పరుగెడితే, లోపలి అంచున 21 మాత్రమే. అక్కడ శబ్దతరంగాలు ఇరుకైపోతాయి, చిన్న వంకర కూడా పెద్దదవుతుంది. ఒక వైపు చివరి పాటలో స, శ గరగరమనేది ఇందుకే.

తల వంపు వల్ల గాడి రాపిడి చేతిని లోపలికి లాగుతుంది. 1959లో మొదలైన ఎస్ఎంఈ 3009 చేతుల తర్వాతి రకాల్లో దీనికి విరుగుడు చూడముచ్చటగా ఉంటుంది: సన్నటి దారానికి వేలాడే చిన్న బరువు, చేతిని మెల్లగా బయటికి లాగుతూ ఉంటుంది. 1983 నాటి రేగా ఆర్బీ300లో గొట్టమూ తలా ఒకే అల్యూమినియం పోత. కదలడానికి మధ్యలో అతుకే లేదు. ఈ బిగువు దగ్గరే కొత్త చేతులు పాతవాటిని దాటాయి.

అయినా కొత్తదైతే చాలనుకోకూడదు. చేయి బరువూ, ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ మెత్తదనమూ కలిసి ఒక సహజ ఊగును పుట్టిస్తాయి. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండాలి. మెత్తటి కార్ట్రిడ్జ్‌ను బరువైన చేతికి తగిలిస్తే ఊగు 5, 6కి దిగుతుంది. అప్పుడు రికార్డు కాస్త వంగి ఉన్నా, పక్కన ఎవరు నడిచినా చేయి ఎగిరిపడుతుంది. 1960లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం పుట్టి నేటికీ తయారవుతున్న డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ బిగుతైనది. దానికి బరువైన చేయే నప్పుతుంది.

పాత గారార్డ్ దొరికితే వదలకండి. రబ్బరు చక్రం మార్చి, ఇరుసుకు నూనె గానీ గ్రీజు గానీ ఏది పడుతుందో చూసి పట్టించండి. కార్ట్రిడ్జ్ ఏదో తేల్చుకున్నాకే చేయి కొనండి.