నీళ్ల సీసా తొడుగుల ముడుతలు: ఇంట తీయు విధము

కృష్ణాతీరమున వేసవి యనగా నెట్టిదో ఇచ్చటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. మే మాసమున విజయవాడలో వేడిమి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. జూన్ మాసమున బడులు తెరచిన పిమ్మటను ఆ తాపము వెంటనే తగ్గదు. వన్ టౌన్‌లో ఇంద్రకీలాద్రి రాళ్లు పగలెల్ల కాగి రాత్రియు సెగ విడుచుచుండును; ఇరుకు వీథులలో గాలి సరిగా ఆడదు. ఇట్టి దినములలో బడిపిల్లల సంచిలో పుస్తకము లెంత అవసరమో నీళ్ల సీసాయు నంత అవసరము. ఉదయము చల్లగా నింపిన నీరు మధ్యాహ్నమునకు ముందే వెచ్చనైనచో పిల్లలు దానిని త్రాగక యట్లే ఇంటికి తెచ్చెదరు. దాహము తీరనివారికి తలనొప్పియు నీరసమును కలుగును, పాఠము తలకెక్కదు. కావున సీసాకు తొడుగు వేయుట విలాసము గాదు.

అయితే ఈ తొడుగులు సెలవులలో పెట్టె యడుగునను, బడిదినములలో పుస్తకముల క్రిందను నలిగి ముడుతలు పడుచున్నవి. ముడుత పడిన తొడుగును చూచి పిల్లలు సిగ్గుపడుదురు. తల్లిదండ్రులు అది పాడైనదని పారవైచి క్రొత్తది కొందురు. మరికొందరు దానిపై నేరుగా ఇస్త్రీపెట్టె నుంచి, బాగుచేయబోయి చెరుపుదురు. ఈ రెండును అనవసరములు. ముడుత యననేమి, అది నీటి చల్లదనమున కెట్లు హాని చేయును, దాని నే యుపాయమున తీయవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరించెదము.

చల్లని నీటికై మన పెద్దలు రెండు మార్గము లెరిగియుండిరి. మొదటిది కూజాకు తడిగుడ్డ చుట్టుట. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. ఆ వేడిలో చాలభాగము కూజానుండి పోవుటచే లోపలి నీరు చల్లబడును. రెండవది మంచుగడ్డను ఊకలోనో రంపపు పొట్టులోనో పూడ్చి పైన గోనెపట్ట కప్పుట. పొట్టు నడుమ చిక్కుకొన్న గాలి కదలలేదు. కదలని గాలి వేడిని మిక్కిలి మెల్లగా పోనిచ్చును. నీరు అట్టి గాలికంటె ఇరువది రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. నేటి సీసా తొడుగు ఈ రెండవ మార్గమునకు చెందినది. తడిగుడ్డ లోని వేడిని వెలికి తీయును. తొడుగు వెలుపలి వేడిని లోనికి రానీయదు.

తొడుగు చేయు మేలు ఇంకొకటి గలదు. చన్నీటి సీసాపై చెమటవలె నీటిబిందువులు పట్టుట అందరును చూచినదే. అది సీసానుండి కారిన నీరు గాదు. గాలిలోని తేమయే చల్లని గోడను తాకి నీరగుచున్నది. 35 డిగ్రీల వేడిమియు 60 వంతుల తేమయు గల గాలి 26 డిగ్రీలకు చల్లబడినంతనే తన తేమను విడువ నారంభించును. ఆవిరి యగుటకు ఎంత వేడి కావలెనో, ఆవిరి తిరిగి నీరగునప్పుడు అంత వేడియు వెలువడును. కనుక సీసాపై ఒక గ్రాము చెమట పట్టినచో, అది విడిచిన వేడి అరలీటరు నీటిని ఒక డిగ్రీకి పైగా వెచ్చజేయుటకు చాలును. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వాతావరణ శాస్త్రజ్ఞులైన డేల్ డరాన్, డార్గన్ ఫ్రియర్సన్ అనువారు ఈ సంగతిని పరిశోధించి 2013లో ప్రకటించిరి. ఉక్కగానున్న దినమున శీతలపానీయపు డబ్బా వెచ్చబడుటకు పొడిగాలి తాకిడికంటె ఈ చెమటయే ఎక్కువ కారణమనియు, తొడుగు చేయు ముఖ్యమైన మేలు చెమట పట్టనీయకుండుటయే యనియు వారు తెలిపిరి. ఈ మాట కృష్ణాడెల్టాకు మిక్కిలి వర్తించును. వానకారు వచ్చి, కాలువలు పారి, వరిచేలు నీటితో నిండిన వెనుక ఇచ్చటి గాలిలో తేమ హెచ్చుగా నుండును. అప్పుడు తడిగుడ్డ యుపాయము అంతగా పనిచేయదు. తొడుగు వలన మేలు హెచ్చును.

ఇక ముడుత చేయు హానిని చూతము. తొడుగు మందములో సన్నని గదులవలె గాలి నిలిచియుండును. గట్టిగా మడిచి బరువుపెట్టినచోట ఆ గదులు అణగి, గాలికి చోటు తగ్గును. అచ్చట గోడ పలుచనై వేడి సులువుగా లోనికి పోవును. మరియు ముడుత పడినచోట తొడుగు సీసాను అంటక లేచి సందు విడుచును. ఆ సందున తేమగాలి దూరి చెమటగా మారును. ఆ తడి ఆరక దుమ్మును పట్టి దుర్వాసన పుట్టించును. కావున ముడుత అందమునకు మాత్రమే గాక చల్లదనమునకును శుభ్రతకును లోపమే.

బజారులో బాటిల్ కవరు అను పేర అమ్ము తొడుగులు ముఖ్యముగా మూడు విధములు. దూది పెట్టి కుట్టిన నూలుగుడ్డ తొడుగు మొదటిది. లోపల వెండివలె మెరయు పొరయు, నడుమ పలుచని ప్లాస్టిక్ నురుగును గలది రెండవది. మెత్తగా సాగునట్టి రబ్బరు స్పాంజి తొడుగు మూడవది. ఈ మూడవదానిని తరచుగా నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరుతో చేయుదురు. ఈ రబ్బరు 1930లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో, వాలెస్ కరోథర్స్ నడిపిన పరిశోధనశాలలో పుట్టెను. దానిలో సన్నని వాయుబుడగలను పుట్టించి స్పాంజిగా చేసినచో, ఒక్కొక్క బుడగ వేరువేరుగా మూసికొనియుండి వేడిని అడ్డగించును.

మన యింట ముడుత యనగానే ఇస్త్రీ జ్ఞాపకమునకు వచ్చుట సహజము. నూలుగుడ్డకు అది తగినదే. నూలుపోగులోని అణువులు ఒకదానినొకటి సన్నని బంధములచే పట్టుకొనియుండును. నీరు ఆ బంధములను సడలించును. వేడియు బరువును పోగులను చదును చేయును. గుడ్డ ఆరినప్పుడు బంధములు ఆ చదునులోనే తిరిగి బిగియును. నీళ్లు చిలుకరించి ఇస్త్రీ చేయుటలోని మర్మ మిదియే. కాని స్పాంజి సంగతి వేరు. రబ్బరు అణువులు వలవలె ముడిపడియున్నవి. అణచినను తమ పూర్వరూపమునకు రావలెనని లాగుచుండును. బహుదినములు అణగియున్నచో ఆ లాగుడు మందగించును. దానికి కావలసినది బరువు గాదు, కొంచెము వెచ్చదనమును, చోటును, కాలమును. నూలుకు ఇస్త్రీపెట్టె వేడి ఇంచుమించు 200 డిగ్రీలుండును. ఆ వేడికి స్పాంజిపై గుడ్డను పట్టియున్న జిగురు ఊడును. రెండవ విధపు తొడుగులో నురుగు పాలిథీన్‌తో చేసినదైనచో అది సుమారు 110 డిగ్రీలకే కరగును. కావున ఈ రెండింటిపై ఇస్త్రీపెట్టె నుంచరాదు.

రబ్బరు స్పాంజి తొడుగునకు చేయవలసిన విధ మిది. మొదట దానిని తిరుగవేసి, చన్నీటిలో కొంచెము సబ్బు కలిపి ముడుతలోని మురికిని వ్రేళ్లతో కడుగవలెను. ఇసుక రేణువులు ముడుతలో నుండగా రుద్దినచో స్పాంజి చిరుగును. పిమ్మట ఒక చెంబు మరగిన నీటికి నాలుగు చెంబుల చన్నీరు కలుపవలెను. నీరు సుమారు 45 డిగ్రీల వేడిమికి వచ్చును. ఈ కలుపు పని పెద్దలే చేయవలెను. చేయి పెట్టి ఓర్చుకొనగల వేడియే దీనికి కొలత. అందు తొడుగును పది పదునైదు నిమిషములు ముంచియుంచి, ముడుతపై బొటనవ్రేలితో రెండువైపులకు మెల్లగా సవరింపవలెను. తీసిన వెనుక పిండరాదు. పిండుట మరియొక ముడుతకు దారి. పొడి తువాలులో చుట్టి అద్దిన చాలును.

తరువాతిది ముఖ్యమైన పని. తొడుగును దానికి సరిపడు సీసాకే తొడిగి, సీసాను మామూలు నీటితో నింపి మూత బిగించి, నీడలో గాలి తగులుచోట ఒక రాత్రియు ఒక పగలును నిలువబెట్టవలెను. సీసా లోపలనుండి తొడుగును సమముగా సాగదీసి యుంచును. అణగిన గదులు మెల్లగా ఉబ్బును. పైన బరువు లుంచి అణచుటకంటె లోపలనుండి ఆధార మిచ్చుట మేలు. ఏలయన బరువు ముడుతతోపాటు మంచిభాగమును గూడ అణచును. ఒకసారికి లొంగనిచో మరునాడు మరల చేయవచ్చును.

దూది తొడుగునకు మార్గము వేరు. దానిని ఉతికి, ఇంకను కొంచెము తడి యుండగనే పైన పలుచని గుడ్డ పరచి తేలికగా ఇస్త్రీ చేయవలెను. గట్టిగా నొక్కినచో దూది అణగి తొడుగు పనికిరాకపోవును. పిమ్మట ఎండలో వేసి, మధ్యమధ్య తిరుగవేయుచు చేతితో తట్టవలెను. అణగిన పరుపులోని దూదిని ఏకి మరల పొంగజేయుట మన మెరిగినదే. దూది నడుమకు గాలిని తిరిగి రప్పించుటయే ఆ పనిలోని సారము. ఇచ్చటను అదియే.

మెరయు పొరగల తొడుగును వేడినీట ముంచవలదు. గోరువెచ్చని తడిగుడ్డతో లోపల తుడిచి, ఆరిన వెనుక చుట్టిన తువాలును లోన దూర్చి రెండుదినములు నిలువబెట్టవలెను. దీని ముడుతలు పూర్తిగా పోవు. పొర చిరుగక, తొడుగు సీసాను అంటియున్న చాలును.

పని ఫలించినదో లేదో తెలిసికొనుటకు విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఒకే కొలత గల రెండు సీసాలలో ఒకే కుండనుండి చన్నీరు నింపి, ఒకదానికి బాగుచేసిన తొడుగును, రెండవదానికి ముడుతల తొడుగును వేసి నీడలో నుంచుడు. పావుగంటకొకసారి ఉష్ణమాపకముతో రెండింటి వేడిమిని చూచి పుస్తకమున వ్రాసికొనుడు. గంట గడచిన వెనుక తొడుగులు విప్పి, సీసాపై చెమట ఎచ్చట పట్టినదో గమనింపుడు. సందు లెచ్చట నున్నవో ఆ చెమటయే చూపును.

కొన్ని ముడుతలు ఎట్లు చేసినను తెల్లని గీతగా నిలిచియుండును. అచ్చటి బుడగలు పగిలినవని తెలియవలెను. గీత యున్నను తొడుగు సీసాను బిగువుగా అంటియున్నచో దానిని నిస్సంకోచముగా వాడవచ్చును. నీటికి గీతతో పనిలేదు. రబ్బరు పగుళ్లువారి పొడిగా రాలినప్పుడు మాత్రమే మార్చవలెను.

రోగము తీయుటకంటె రాకుండ చూచుట సులభము. సెలవులలో తొడుగును మడువక, లోన పాతగుడ్డ నింపి నిలువుగా పెట్టుడు. స్పాంజిని నెలల తరబడి ఎండలో నుంచకుడు. ఎండ రబ్బరును గట్టిపరచును. బడిసంచిలో పుస్తకముల క్రింద గాక ప్రక్కను సీసాతో సహా నిలుపుడు.

విద్యార్థులారా! ఒక తొడుగు విలువ స్వల్పమే యని తలపకుడు. ఆ స్వల్పమైనను తల్లిదండ్రుల కష్టార్జితమే. ప్రతి వస్తువును దాని స్వభావ మెరిగి బాగుచేయవలెను: నూలు బరువునకు లొంగును, స్పాంజికి వెచ్చదనమును వ్యవధియు కావలెను. ఈ తారతమ్య మెరిగి నడచుకొనువారికి క్రొత్త తొడుగు కొనవలసిన పని అరుదుగా కలుగును; మధ్యాహ్నపు గంట కొట్టునప్పటికి సంచిలో త్రాగదగిన నీరును మిగిలియుండును.