అద్దె గదుల పేట: అమీర్‌పేట, పంజాగుట్టల నిన్న, నేడు

మన జిల్లాలో ఏ ఊరి రచ్చబండ దగ్గర అమీర్‌పేట పేరెత్తినా "మా పిలగాడు ఆర్నెల్లు ఆడనే ఉండె" అనేవారు ఒకరైనా దొరుకుతారు. పంజాగుట్ట పేరెత్తితే "మా నాయినను నిమ్స్‌ల చూపించినం" అనేవారు ఇద్దరు దొరుకుతారు. చార్మినార్ చూడనివాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు గాని, ఈ రెండు పేటలతో ఏదో ఒక లావాదేవీ లేని కుటుంబం అరుదు. డిగ్రీ కాగితం పట్టుకుని ఒకరు, ఎక్స్‌రే కవరు పట్టుకుని ఒకరు, చంకలో సినిమా కథ పెట్టుకుని ఇంకొకరు దిగేది ఇక్కడే. ఇంటి యజమాని కంటే అద్దెకున్నవాడే పేట ముఖం దిద్దిన చోటు ఇది.

పేర్లలోనే కలగూరగంప

పంజ్ అంటే ఫార్సీలో ఐదు. పంజా అంటే అరచేయి. గుట్ట మాత్రం అచ్చ తెలుగు. ఐదు గుట్టలుండటం వల్ల ఆ పేరు వచ్చిందని కొందరూ, అరచేతి గుర్తు వల్ల వచ్చిందని కొందరూ చెబుతారు. ఏది నిజమైనా, ఫార్సీ ముక్కా తెలుగు ముక్కా కలిసి ఒకే పేరయ్యాయి.

పక్కనున్న ఎర్రమంజిల్ కథ ఇంకా తమాషా. నిజాం కొలువులో పెద్ద పదవి చేసిన నవాబు ఫక్రుల్ ముల్క్ ఇక్కడి ఎర్రమట్టి గుట్ట మీద మేడ కట్టుకున్నాడు. గుట్టకు జనం పెట్టుకున్న పేరుకు దగ్గరగా ధ్వనించాలని ఆయన మేడకు 'ఇరం మంజిల్' అని పేరు పెట్టాడట. ఇరం అంటే స్వర్గవనం. జనం ఆ స్వర్గాన్ని అవతల పెట్టి మళ్లీ ఎర్రమంజిల్ అనే పిలిచారు. ఆ మేడలో తరువాత ప్రభుత్వ ఇంజనీర్ల కార్యాలయాలు నడిచాయి. 2019లో దాన్ని పడగొట్టి అసెంబ్లీ భవనం కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టగా, ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు వీల్లేదన్నది. రాజా ధరమ్ కరణ్ పేరున్న రోడ్డును కూడా అమీర్‌పేట వాళ్లు 'ధరం కరం రోడ్డు' చేసేశారు. కొత్తగా వచ్చిన కుర్రవాడు అది ధర్మం, కర్మం అనుకుంటే తప్పు పట్టలేం.

ఆనాడు ఇవి నగరం గోడలకు చాలా దూరాన, హుసేన్‌సాగర్‌కు పడమటి వైపున ఉన్న పల్లెలు. నడుమ నవాబుల, రాజాల తోటలు, మేడలు. అమీర్‌పేట పక్కనే బల్కంపేట. అక్కడి ఎల్లమ్మ తల్లి నేల మట్టానికి దిగువన, బావిలో వెలసింది. ఆషాఢమాసం తొలి మంగళవారం ఆమె కల్యాణానికి నేటికీ మన పల్లెల నుంచి జనం కదిలి వెళుతుంటారు. పల్లె పోయినా పల్లె దేవత అక్కడే ఉంది.

దవాఖానా వాకిట

పంజాగుట్టను పల్లెలకు పరిచయం చేసింది దవాఖానా. 1960లలో నిజాం ధర్మనిధి డబ్బుతో ఇక్కడ ఎముకల ఆస్పత్రి లేచింది. తాటిచెట్టు మీద నుంచి పడ్డ గౌడన్నలు, ఎడ్లబండి కింద కాలు నలిగిన రైతులు అక్కడికే చేరేవారు. అదే పెరిగి పెద్దదై నిమ్స్ అయింది. 1989లో చట్టం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పల్లె రోగుల రాక మరీ పెరిగింది. ప్రకృతి వైద్యం మీద గురి ఉన్నవాళ్లకు అమీర్‌పేటలోని నేచర్ క్యూర్ ఆస్పత్రి ఉండనే ఉంది. అక్కడ ఉప్పు లేని తిండి తిని వచ్చినవాళ్లు ఊళ్లో ఆ సంగతి నెలరోజులు చెప్పుకుంటారు.

రోగి లోపల ఉంటాడు. వెంట వచ్చిన నలుగురూ బయట చెట్టు కిందనో, కాలిబాట మీదనో ఉంటారు. టిఫిన్ బండి, మందుల షాపు, చౌక లాడ్జి, ఫోటోస్టాట్ యంత్రం ఈ నలుగురిని నమ్ముకునే పంజాగుట్టలో నిలబడ్డాయి.

సినిమా వాళ్ల రాక

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని అయ్యాక ఉద్యోగులకూ, సనత్‌నగర్ ఫ్యాక్టరీల కార్మికులకూ ఇళ్లు కావలసి వచ్చాయి. ఖాళీ జాగాల్లో కాలనీలు లేచాయి. ముఖ్యమంత్రి సంజీవరెడ్డి పేర ఒకటి, తరువాతి కాలంలో వెంగళరావు పేర ఒకటి, ఇంకా మధురానగర్, శ్రీనగర్ కాలనీ. అవి కుటుంబాలు కాపురముండటానికి కట్టిన ఇళ్లు. వాటిలో ముందు ముందు ఎవరుంటారో కట్టినవాళ్లు ఊహించి ఉండరు.

తెలుగు సినిమా అప్పటికి మద్రాసులో కాపురముంటున్నది. అటువంటి రోజుల్లో చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ అమీర్‌పేటలో సారథి స్టూడియో నెలకొల్పారు. తాను జమీందారై ఉండీ, జమీందారీ పెత్తనాన్ని ఎండగట్టిన 'రైతుబిడ్డ' చిత్రం 1939లో తీసిన సారథి సంస్థకు అండగా నిలిచిన మనిషి ఆయన. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు చిత్రమని చెబుతారు. అది సారథిలోనే తీశారు. తరువాత 1970లలో అక్కినేని వారి అన్నపూర్ణ స్టూడియో బంజారాహిల్స్ రాళ్ల మధ్య వెలిసింది. ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది. మద్రాసు పాండీ బజారులో పడిగాపులు పడే కుర్రకారు మెల్లమెల్లగా ఇటు మళ్లింది.

మరి వచ్చినవాళ్లు ఎక్కడ తల దాచుకోవాలి? బంజారాహిల్స్‌లో అద్దె కట్టే స్తోమత లేదు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఎల్లారెడ్డిగూడ వాళ్లకు గూళ్లయ్యాయి. ఒక గదిలో ఐదుగురు. అందులో ఒకడు పాటలు రాస్తాడు, ఒకడు తబలా వాయిస్తాడు, ఒకడు 'అసిస్టెంట్ డైరెక్టర్' అని చెప్పుకుంటాడు గాని ఏ చిత్రానికో చెప్పడు. మంచి చొక్కా ఒక్కటే ఉంటుంది. ఆ పూట ఎవరు నిర్మాతను కలవబోతారో వాడిది ఆ చొక్కా. తెల్లవారకముందే కంపెనీ బండ్లు వచ్చి జూనియర్ ఆర్టిస్టులను ఎక్కించుకుని పోతాయి. బండి దొరకనివాళ్లు టీ కొట్టు దగ్గర కూర్చుని నిన్న విడుదలైన చిత్రంలో తప్పులు లెక్కపెడతారు. ఇంటికి ఉత్తరం రాస్తే మాత్రం "అవకాశం రేపో మాపో" అనే రాస్తారు.

వేళకు తిండి లేక, నిద్ర లేక, కళ మీద ఆశతో ఇలా బతికేవాళ్ల పేటలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. పారిస్ నగరం అంచున మోమార్త్ అని ఒక గుట్ట ఉంది. అక్కడ అద్దెలు చౌక అని చిత్రకారులు చేరారు. 1904లో కుర్రవాడు పికాసో అక్కడి పాత కొయ్య కట్టడంలో ఒక గది తీసుకుని బొమ్మలు వేశాడు. ఆ గుట్టకైనా, మన గుట్టకైనా కళాకారులను రప్పించింది చౌక అద్దే. మోమార్త్‌కు ఇప్పుడు యాత్రికులు టిక్కెట్లు కొని వెళుతున్నారు. కృష్ణానగర్‌కు ఇంకా మన కుర్రవాళ్లే వెళుతున్నారు.

జావా, ఒరాకిల్, ఇత్యాదులు

1990ల చివర్లో ఇంకో అల వచ్చింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుగా లెక్కిస్తాయన్న భయంతో అమెరికా కంపెనీలు ప్రోగ్రాములు దిద్దేవారి కోసం వెతికాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అటు మాదాపూర్‌కూ ఇటు పాత నగరానికీ నడుమ, సిటీ బస్సులన్నీ కలిసే చోట ఉన్నది అమీర్‌పేట. అద్దెలు అందుబాటులో ఉన్నాయి. మైత్రీవనం చుట్టుపట్ల ప్రతి అంతస్తులోనూ కోచింగ్ సెంటర్లు వెలిశాయి. తాపీమేస్త్రి కొడుకూ, పట్వారీ మనవడూ ఒకే బల్ల మీద కూర్చుని జావా నేర్చారు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చెప్పని పని రెండు మూడు నెలల్లో, అందులో కొన్నోవంతు ఫీజుకు చెప్పిన మాస్టర్లు ఇక్కడ నిజంగా ఉన్నారు. ఒక్కొక్కరి క్లాసుకు వందల మంది. చోటు దొరకాలంటే తెల్లవారుజామున వెళ్లి నిలబడాలి.

కాలనీల్లో ఇళ్ల యజమానులు పైన అంతస్తులు వేశారు. గదులకు చెక్క అడ్డాలు పెట్టారు. గది అద్దె పోయి మంచం అద్దె వచ్చింది. సంజీవరెడ్డి నగర్ వీధుల్లో ఆడపిల్లల హాస్టళ్లు వరుసగా లేచాయి. ఊళ్లో అన్న తోడు లేకుండా బస్టాండుకు పోనివ్వని పిల్లలు ఇక్కడ ఒంటరిగా కోర్సు చేరారు, ఉద్యోగం వెతుక్కున్నారు, తొలి జీతం ఇంటికి పంపారు. ఈ మార్పు గురించి పత్రికల్లో రావలసినంత రాలేదని మా అభిప్రాయం.

బస్సు దిగిన కుర్రవాడి చేతిలో ముందు పడేది కరపత్రం. "అన్నా, ఏ కోర్సు? మూడు రోజులు డెమో ఫ్రీ" అని వెంట పడతారు. చైనాకు చెందిన షియాంగ్ బియావో అనే మానవశాస్త్ర పండితుడు మన తెలుగు కుర్రవాళ్లు కంప్యూటర్ పనికి దేశదేశాలకు ఎలా సరఫరా అవుతున్నారో పరిశీలించి 2007లో ఒక పుస్తకం ప్రచురించాడు. పొలం డబ్బు, కట్నం డబ్బు, అప్పు డబ్బు కోర్సు ఫీజుగా, వీసా ఖర్చుగా ఎలా మారుతుందో అందులో వివరంగా ఉంది. మన ఊళ్లలో ఎవరినడిగినా చెప్పే సంగతే అది. 2001లో అమెరికాలో కంపెనీలు పడిపోయినప్పుడు వెనక్కి వచ్చిన పిల్లలను మనం చూశాం. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచాక వీసా కోసం చెన్నై పోయే బాధ తప్పింది. 2023లో అది నానక్‌రామ్‌గూడకు తరలిపోయింది.

తల్లిదండ్రులు గమనించవలసినది

ఈ పేటలో మంచి మాస్టర్ల పక్కనే మాయగాళ్లూ బోర్డులు పెట్టుకున్నారు. "కోర్సుతో పాటు ఉద్యోగం గ్యారంటీ" అంటారు. "బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం" అని లక్షల్లో వసూలు చేస్తారు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రాలు సృష్టిస్తారు. ఓ రోజు వెళ్లి చూస్తే ఆఫీసుకు తాళం ఉంటుంది. దొంగ పత్రంతో ఉద్యోగం దొరికినా, కంపెనీ విచారణ చేసిన రోజున ఊడేది పిల్లవాడి ఉద్యోగం, పోయేది వాడి పేరు. అసలు ఏ కంపెనీ కూడా ఉద్యోగం ఇవ్వడానికి ముందుగా డబ్బు అడగదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎకరం అమ్మినవాళ్లున్నారు. డబ్బు కట్టేముందు డెమో క్లాసులు విననివ్వండి. గత బ్యాచ్ పిల్లలను అడగనివ్వండి. రసీదు లేకుండా పైసా ఇవ్వవద్దు.

పిల్లవాడు ఏడాదైనా ఉద్యోగం దొరక్క హాస్టల్‌లోనే ఉన్నాడంటే వాణ్ణి ఫోనులో నిలదీయకండి. పండుగకు ఊరికి రావడానికి మొహం చెల్లక, మెస్ మూతపడితే అరటిపండుతో గడిపి, "బాగున్నా నాయినా" అనేవాళ్లు ఆ గదుల్లో ఎప్పుడూ ఉంటారు.

ఖాళీ అయిన రోజులు

2020 మార్చి చివరి వారంలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ పేట ఎవరిదో తేటతెల్లమైంది. హాస్టళ్ల యజమానులు పిల్లలను ఖాళీ చేయమన్నారు. బస్సుల్లేవు, రైళ్లు లేవు. మార్చి 25న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల పోలీసు స్టేషన్ల ముందు వేలమంది అనుమతి కాగితాల కోసం బారులు తీరారు. కాగితాలు పుచ్చుకుని మోటారు సైకిళ్ల మీద బయలుదేరినవాళ్లు కోదాడ దాటి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. అటువైపు రానివ్వలేదు. వెనక్కి వస్తే గది లేదు. హాస్టళ్లు మూయరాదని ప్రభుత్వం గట్టిగా చెప్పిన మీదట కొందరు తిరిగి చేరారు. తరువాత నెలల తరబడి వీధులు బోసిపోయాయి. టిఫిన్ బండ్లు, జిరాక్స్ షాపులు, ఇస్త్రీ బల్లలు అన్నీ మూత. సొంత ఇళ్లవాళ్లు అక్కడే ఉన్నారు. అయినా పేట లేదు.

పాఠాలు ఫోనులోకి వెళ్లిపోయాయి. ఇక అమీర్‌పేట పని అయిపోయిందన్నారు. కాలేదు. ఇంట్లో కూర్చుని వినే పాఠానికి పక్క మంచం కుర్రవాడు అడిగే ప్రశ్న ఉండదు గదా. పిల్లలు తిరిగి వచ్చారు. అయితే రూపు మారింది. 2017 నవంబరులో మెట్రో ప్రారంభమయ్యాక రెండు లైన్లు కలిసే పెద్ద స్టేషన్ అమీర్‌పేట నెత్తిన కూర్చుంది. సత్యం థియేటర్ పోయి 2023లో ఆ చోట మాల్‌తో కూడిన సినిమా హాళ్లు వచ్చాయి. అద్దెలు పెరిగి కొన్ని హాస్టళ్లు మాదాపూర్, గచ్చిబౌలి వైపు జరిగాయి. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. ఇప్పుడు గోడల మీద జావా పక్కన కృత్రిమ మేధ కోర్సుల పోస్టర్లు పడుతున్నాయి. మెట్రో స్తంభాలకు అంటించిన కాగితాలను మున్సిపాలిటీ వాళ్లు పగలు చింపుతారు, రాత్రి మళ్లీ అంటుకుంటాయి.

సంక్రాంతికి మూడు రోజుల ముందు అక్కడ చూడాలి. హాస్టల్ మెట్ల మీద సంచులు, ఎల్బీ నగర్ వైపు పోయే మెట్రోలో కాలు పెట్టే చోటు ఉండదు. మన బస్సులన్నీ అక్కడి నుంచే నిండి వస్తాయి. నిమ్స్ ముందు చెట్టు కింద ఉన్న నలుగురు మాత్రం ఎటూ కదలరు.